మొదట గిటారా, యాంప్లిఫయరా? ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్ల కోసం ఒక పోలిక

సొంత చేతులతో ఒక గిటార్ చేసుకోవాలి, కుదిరితే దాన్ని మోగించే యాంప్లిఫయర్ కూడా కట్టుకోవాలి అనుకున్నాక చాలామంది ఆగిపోయేది ఒకే దగ్గర. ముందు ఏది? వీడియోల్లో అన్నీ తేలికగానే కనిపిస్తాయి. ఒకాయన చెక్క పలకతో మొదలుపెట్టి ఇరవై నిమిషాల్లో గిటార్ వాయించేస్తుంటాడు, ఇంకొకాయన పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులు వెలిగించి చూపిస్తాడు. మన దగ్గర ఉన్నది మాత్రం ఒక బాల్కనీ, ఒక డ్రిల్లు, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల టైము.

ఇక్కడ ఏడు దారులు పక్కపక్కన పెడుతున్నాను. వీటిలో ఐదు నేనే పూర్తిగా చేశాను, వాల్వ్ యాంప్ మాత్రం బాగా తెలిసినాయన పక్కన కూర్చుని కట్టాను, అకౌస్టిక్ గిటార్ ఇంకా సగంలోనే ఉంది. కాబట్టి ఎక్కడ దెబ్బ తగులుతుందో కొంత అనుభవం మీదే చెప్పగలను.

ముందే ఒక మాట. డబ్బు ఆదా అవుతుందని ఈ పనిలోకి దిగకండి. అదే ఖర్చుకు కంపెనీ గిటార్ ఒకటి వాయించడానికి సిద్ధంగా దొరుకుతుంది, చాలాసార్లు మనం చేసినదానికంటే బాగానే ఉంటుంది. చేసుకోవడమే ఇష్టం అయితేనే ఇది మీ పని.

ఏం చూసి ఎంచుకోవాలి

అందరూ మొదట అడిగేది ఖర్చు, తర్వాత పనిముట్లు. నేనైతే వాటికంటే ముందు ఒకటి చూస్తాను: ఇందులో చేసిన తప్పును ఇంట్లోనే దిద్దుకునే వీలుందా?

సోల్డరింగ్ తప్పు పడితే మళ్లీ వేడి చేసి పీకేసి ఇంకోసారి అతికిస్తాం. చెక్కలో బెజ్జం తప్పుపడితే పూడ్చొచ్చు, మచ్చ ఒకటి మిగులుతుంది. ఫ్రెట్ (గిటార్ మెట్టు) గాడి తప్పు చోట కోస్తే ఆ ఫ్రెట్‌బోర్డు (మెట్లు కూర్చే పలక) మొత్తం పోయినట్టే. ఇక వాల్వ్ యాంప్‌లో ఉండే మూడు వందల వోల్టుల దగ్గర చెయ్యి జారితే దిద్దుకోవడానికి మనిషే మిగలకపోవచ్చు. మన వీణను చూడండి, మెట్లు మైనంలో కూర్చుతారు, ఒక మెట్టు దగ్గర స్వరం సరిగ్గా పలకకపోతే మైనం వేడి చేసి కాస్త జరుపుతారు. గిటార్‌లో ఫ్రెట్ చెక్కలో కోసిన గాడిలోకి దిగి కూర్చుంటుంది, అక్కడ జరపడం అనేది లేదు. ఒక్కో ప్రాజెక్టులో ఇలాంటి వెనక్కి రాలేని పనులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటే ఎంపిక సగం తేలిపోతుంది.

తర్వాత చూడాల్సింది చోటు. చెక్కపని అంటే మోత, పొట్టు. రౌటర్ (చెక్కను తొలిచే యంత్రం) తిప్పితే పై అంతస్తు వాళ్లకు కూడా వినపడుతుంది. టేకు, రోజ్‌వుడ్ పొడి కొందరికి ఒళ్లు దురద పెడుతుంది, ఊపిరితిత్తులకు ఎవరికీ మంచిది కాదు, ఎన్95 మాస్కు తప్పనిసరి. ఎలక్ట్రానిక్స్‌కి మాత్రం కిటికీ పక్కన ఒక బల్ల చాలు, పని అయ్యాక చేతులు కడుక్కోవడం మరవకండి, సోల్డర్ తీగలో సీసం ఉంటుంది.

మూడోది, చాలామంది పట్టించుకోనిది, కాలం. చెక్క గాల్లో తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండాక ముడుచుకుంటుంది. విశాఖలోనో కాకినాడలోనో ఆగస్టులో చేసే పని, అనంతపురంలో ఫిబ్రవరిలో చేసే పని ఒకటి కాదు.

| ప్రాజెక్టు | ఖర్చు అంచనా | సమయం | తప్పు దిద్దుకునే వీలు | ప్రమాదం |
|---|---|---|---|---|
| ఎల్‌ఎం386 బుల్లి యాంప్ | కొన్ని వందలు | ఒకటి రెండు రోజులు | పూర్తిగా ఉంది | దాదాపు లేదు |
| మూడు తీగల డబ్బా గిటార్ | వెయ్యి లోపు, కాస్త అటూ ఇటూ | రెండు వారాంతాలు | చాలావరకు ఉంది | తక్కువ |
| కిట్ ఎలక్ట్రిక్ గిటార్ | పది వేలు, ఆ పైన | నెల, నెలన్నర | సగం సగం | తక్కువ |
| చెక్క నుంచి ఎలక్ట్రిక్ గిటార్ | కిట్ కంటే ఎక్కువే, పనిముట్లు అదనం | నాలుగైదు నెలలు | తక్కువ | రౌటర్ దగ్గర జాగ్రత్త |
| పెద్ద ఐసీ యాంప్ | రెండు మూడు వేలు | రెండు మూడు వారాంతాలు | బాగానే ఉంది | కరెంటు వైపు ఉంది |
| వాల్వ్ యాంప్ | పాతిక వేలు, ఆ పైన | రెండు మూడు నెలలు | సర్క్యూట్‌లో ఉంది, షాక్‌లో లేదు | ప్రాణాపాయం |
| అకౌస్టిక్ గిటార్ | ఇరవై వేలు, ఆ పైన | ఏడాది | చాలా తక్కువ | తక్కువ |

ఖర్చులు నాకు అయినదాన్ని బట్టి వేసిన అంచనాలే, మీ ఊళ్లో అటూ ఇటూ అవుతాయి.

ఎల్‌ఎం386 బుల్లి యాంప్

ఎనిమిది కాళ్ల చిన్న ఐసీ (చిప్) ఇది. 9 వోల్టుల మీద 8 ఓమ్‌ల స్పీకరుకు సుమారు అర వాట్ ఇస్తుంది. ఏమీ కలపకపోతే గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ సంఖ్య) 20, ఒకటో కాలికీ ఎనిమిదో కాలికీ మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే 200 అవుతుంది, అప్పుడు గిటార్ గరగరమని పాత రాక్ పాటల్లోలా పలుకుతుంది. కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లోనో అన్ని భాగాలూ అరగంటలో చేతికొస్తాయి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఒక మల్టీమీటర్ ఉంటే చాలు.

అర వాటే కదా అని చిన్నచూపు వద్దు. పడకగదిలో సాధనకు అది సరిపోతుంది, పైగా అదే యాంప్‌ను 12 అంగుళాల స్పీకరున్న డబ్బాకు తగిలిస్తే వచ్చే శబ్దం విని మీరే ఆశ్చర్యపోతారు.

మొదటిసారి కట్టినప్పుడు నాకు ఎదురైంది చెబుతాను. అంతా అతికించి స్విచ్ వేశాను, గిటార్ బాగానే మోగింది, వాయించడం ఆపగానే స్పీకర్లోంచి సన్నగా రేడియో మాటలు వినిపించాయి. జాక్ నుంచి ఐసీ దాకా అరడుగు పొడవున మామూలు తీగ లాగాను, అది ఏరియల్‌లా పనిచేసింది. దాన్ని తీసేసి పొట్టి షీల్డెడ్ వైరు వేసి, ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు చిన్న సిరామిక్ కెపాసిటర్ ఒకటి పెడితే ఆ మాటలు ఆగిపోయాయి. ఈల వేసినట్టు మోగితే మాత్రం ఆరో కాలి పక్కనే 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉందో లేదో, ఐదో కాలి నుంచి గ్రౌండుకు 10 ఓమ్‌ల రెసిస్టర్, 47 నానోఫారడ్ల కెపాసిటర్ వరసగా ఉన్నాయో లేదో చూడండి. ఈ రెండూ లేకపోవడం వల్లే ఎక్కువసార్లు అలా అవుతుంది.

ఇంజినీరింగ్ పిల్లలకు ఒక సూచన. ఈ ఐసీ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ 50 కిలో ఓమ్‌లే, గిటార్ పికప్‌కు (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) అది తక్కువ, శబ్దంలో పైస్వరాల మెరుపు పోతుంది. ముందు ఒక జేఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) బఫర్ పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. విదేశీ సర్క్యూట్లలో రాసే జేఫెట్‌లు మన దగ్గర తేలిగ్గా దొరకవు, మీ కాలేజీ ల్యాబ్‌లో వాడే బీఎఫ్‌డబ్ల్యూ10 పెట్టి చూడండి, సోర్స్ రెసిస్టర్‌ను కాస్త మార్చుకుంటే పనిచేస్తుంది.

మూడు తీగల డబ్బా గిటార్

అమెరికాలో 19వ శతాబ్దంలో గిటార్ కొనలేనివాళ్లు చుట్టల పెట్టెకు కర్ర బిగించి తీగలు కట్టుకున్నారు, ఆ వాద్యమే ఇది. మనకు చుట్టల పెట్టె దొరక్కపోతే పలచటి చెక్క పెట్టె ఏదైనా, రేకు బిస్కెట్ డబ్బా అయినా పనికొస్తుంది. అంగుళంన్నర వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న టేకు పట్టీ పెట్టె గుండా వెళ్తుంది. మామూలు గిటార్ సెట్‌లోని ఐదు, నాలుగు, మూడు నంబర్ల తీగలు తీసుకుని జి, డి, జి శృతి చేస్తే ఒక వేలు అడ్డంగా వేసినా కార్డ్ (కలిసి మోగే స్వరాలు) పలుకుతుంది.

ఫ్రెట్లు లేకుండానే చేసి, గాజు సీసా మెడతో జారుస్తూ వాయించొచ్చు. ఫ్రెట్లు లేవు కాబట్టి వెనక్కి రాలేని పనులు దాదాపు లేవు. పదేళ్ల పిల్లలతో కలిసి చేయాలంటే ఇంతకంటే మంచిది నాకు తోచడం లేదు. లోపల 27 మి.మీ. పీజో బిళ్ల (అదురును సిగ్నల్‌గా మార్చేది) అతికిస్తే పైన చెప్పిన బుల్లి యాంప్‌కు కలుపుకోవచ్చు, అప్పుడు మాత్రం ఆ బఫర్ తప్పదు, లేకపోతే కింది స్వరాలు వినపడవు.

కిట్ గిటార్

ఎక్కువమంది చూపు దీనిమీదే ఉంటుంది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పెట్టెలో బాడీ, నెక్ (మెడ), పికప్పులు, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం), ట్యూనర్లు (తీగలు బిగించే మరలు), స్క్రూలు అన్నీ వస్తాయి. మొదటిసారికి టెలికాస్టర్ తరహాదే తీసుకోండి. 1950లో అమెరికా గిటార్ తయారీదారు లియో ఫెండర్ ఈ డిజైన్‌ను బ్రాడ్‌కాస్టర్ పేరుతో తెచ్చాడు, 1951లో అది టెలికాస్టర్ అయింది. చదునైన బాడీ, నాలుగు స్క్రూలతో బిగించే నెక్, కదలని బ్రిడ్జి. ఫ్యాక్టరీలో సులువుగా బిగించడానికీ, చెడితే విప్పి మార్చడానికీ చేసిన డిజైన్ కాబట్టే ఇంట్లో చేసేవాళ్లకు ఇంత బాగా కుదిరింది. నెక్ నచ్చకపోతే స్క్రూలు విప్పి ఇంకోటి వేస్తాం, అంతే. గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ తరహా కిట్ ఫొటోలో ఎంత అందంగా ఉన్నా, నెక్‌ను జిగురుతో అతికించాల్సిందైతే మొదటిసారికి వద్దు. కోణం కొంచెం తప్పినా తీగలు వేలికి అందనంత ఎత్తున ఉంటాయి, జిగురు ఆరాక మళ్లీ ఊడదీయడం ఇంట్లో అయ్యే పని కాదు.

కిట్‌లో వెనక్కి రాలేని పనులు మూడే మూడు: స్క్రూల బెజ్జాలు, బ్రిడ్జి స్థానం, పాలిష్.

నా మొదటి కిట్‌లో ట్యూనర్‌ను పట్టి ఉంచే చిన్న స్క్రూ తల తెగి, మొండెం లోపలే ఉండిపోయింది. మేపుల్ చాలా గట్టి చెక్క, ఆ స్క్రూ చూస్తే అగ్గిపుల్లంత కూడా లేదు, ముందు బెజ్జం వేయకుండా తిప్పాను. తెగిన ముక్క చుట్టూ సన్న ఇత్తడి గొట్టానికి పళ్లు కోసి దాంతో తవ్వి తీయడానికి ఒక రోజు పట్టింది, పూడ్చిన మచ్చ హెడ్‌స్టాక్ (నెక్ చివర ట్యూనర్లు ఉండే తల) వెనక ఇప్పటికీ కనిపిస్తుంది. స్క్రూ లావులో ముప్పావు వంతు ఉండే బిట్‌తో ముందు బెజ్జం వేసి, స్క్రూ మరలకు స్నానం సబ్బు రాసి, చేత్తోనే తిప్పండి, మెషీన్‌తో వద్దు. సగం దిగాక బిగుతుగా అనిపిస్తే వెనక్కి తీసి మళ్లీ సబ్బు రాయండి.

బ్రిడ్జికి బెజ్జాలు ముందే వేసి ఉన్నా నమ్మకండి. నెక్ బిగించి, రెండు చివరల తీగల స్థానంలో నట్ (నెక్ పై చివర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జి దాకా దారం కట్టి లాగి చూడండి. ఫ్రెట్‌బోర్డు రెండు అంచుల నుంచి దారాలు సమానమైన దూరంలో వెళ్లాలి. ఈ గిటార్లకు స్కేల్ (తీగ మోగే పొడవు) 648 మి.మీ., అంటే నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా 324, అక్కడి నుంచి శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) దాకా ఇంకో 324, దానిపైన సన్న తీగకు ఒకటి రెండు మి.మీ., లావు తీగకు మూడు నాలుగు మి.మీ. అదనం. శాడిల్ స్క్రూలు ముందుకీ వెనక్కీ తిరిగే మేరలో ఈ కొలతలు పడితేనే డ్రిల్లు తీయండి.

పాలిష్ వేసే ముందు ఒకసారి మొత్తం బిగించి, తీగలు వేసి, వాయించి చూడండి. మళ్లీ విప్పడం విసుగే, కానీ మెరిసే బాడీ మీద డ్రిల్లు జారడం కంటే నయం. ఇక పాలిష్ సంగతి. వానాకాలంలో లాకర్ స్ప్రే చేస్తే గాల్లో తేమ చిక్కుకుని తెల్లగా పాలిపోయినట్టు మచ్చ వస్తుంది. కోస్తాలో ఉన్నవాళ్లు స్ప్రే మాని గుడ్డతో రుద్దే నూనె పాలిష్ వేసుకోవడం మంచిది, లేదా ఫర్నిచర్ పనివాళ్లు లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ నేర్చుకోండి, అది కూడా పొడి రోజు చూసి.

బిగించడం రెండు రోజుల పని, సెటప్‌కే వారాలు పడుతుంది. కిట్ ఫ్రెట్లు ఎగుడుదిగుడుగా రావడం మామూలు, నట్ గాడులు ఎత్తుగా ఉంటాయి. ట్రస్ రాడ్‌ను (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) పావు తిప్పు తిప్పి ఒక రాత్రి ఆగి చూడాలి. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద 2 మి.మీ., సన్న తీగ కింద 1.5 మి.మీ. ఖాళీ వస్తే హాయిగా వాయించొచ్చు. ఈ సెటప్ నేర్చుకోవడమే కిట్ ఇచ్చే అసలు లాభం, ఆ తర్వాత మీ చేతికి వచ్చే ఏ గిటార్‌నైనా మీరే సరిచేసుకుంటారు.

చెక్క నుంచి ఎలక్ట్రిక్ గిటార్

దీనికి మన దగ్గర ఒక గొప్ప వీలుంది. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు దూలాలు, ద్వారబంధాలు. యాభై అరవై ఏళ్లు ఎండిన చెక్క అది, ఇక పెద్దగా మెలి తిరగదు. బాడీకి 45 మి.మీ. మందం కావాలి, ఒకటే వెడల్పాటి పలక దొరక్కపోతే రెండు ముక్కలు అతికించొచ్చు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు రాసే ముందు అసిటోన్‌తో తుడిచి వెంటనే అతికించాలి. లోపల పాత మేకులు ఉంటాయి, కోసే ముందు అయస్కాంతంతో వెతకండి, మేకు తగిలితే రౌటర్ బిట్ విరిగి ఎగురుతుంది. బాడీకి పనస కూడా మంచిదే, బొబ్బిలి వీణ చేసేది దాంతోనే, ఏకాండి వీణనైతే ఒకే దుంగలోంచి తొలుస్తారు. పచ్చి పనస మాత్రం తీసుకోవద్దు, ఏళ్ల తరబడి ఆరాలి.

మొదటిసారికి నెక్ కొనుక్కోండి, బాడీ ఒక్కటే చేయండి. ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. 648ని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం 36.37 మి.మీ. వస్తుంది, మిగిలినదాన్ని మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండో ఫ్రెట్, అది నట్ నుంచి 70.70 దగ్గర పడుతుంది. ఇలా ఇరవైకి పైగా గాడులు సన్న రంపంతో కోయాలి. ఇరవయ్యో ఫ్రెట్ దగ్గర ఒక్క మి.మీ. తప్పితే అర్ధస్వరంలో సుమారు పన్నెండో వంతు శృతి తప్పుతుంది, చెవికి ఇబ్బందిగా తెలుస్తుంది. ఒకవేళ మీరే కోస్తే ప్రతి గాడినీ నట్ నుంచే కొలవండి, ఫ్రెట్ నుంచి ఫ్రెట్‌కు కొలిస్తే చిన్న చిన్న తప్పులన్నీ పోగవుతాయి.

ఇంట్లో చేయగలమా అని సందేహం వస్తే క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే సంగతి తలుచుకోండి. 1963లో తండ్రి హెరాల్డ్‌తో కలిసి తన గిటార్ మొదలుపెట్టాడు, సుమారు రెండేళ్లు పట్టింది. నెక్ పాత ఫైర్‌ప్లేస్ చెక్క, బ్రిడ్జి స్ప్రింగులు మోటార్‌సైకిల్ ఇంజిన్‌వి, ఫ్రెట్‌బోర్డు మీద చుక్కలు ముత్యపు చిప్ప బొత్తాలు. అప్పటి నుంచి ఎక్కువగా అదే గిటార్ వాయిస్తున్నాడు. అదే బ్యాండ్‌లో జాన్ డీకన్ చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో కట్టిన చిన్న బ్యాటరీ యాంప్ వాళ్ల రికార్డింగుల్లో మోగింది. అయితే ఆ తండ్రి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు, చెక్కపని, లోహపు పని రెండూ వచ్చినవాడు. మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటి మనిషి ఉంటే ఈ దారి పట్టండి. ముఖ్యంగా తెలిసిన వడ్రంగి ఉంటే, ఆయన చిత్రిక పట్టే తీరు ఒక పూట దగ్గర కూర్చుని చూడండి, చెక్క నరం ఎటు పోతుందో చూసి ఎటు తోయాలో చెబుతారు, అది వీడియోలో పట్టుబడదు.

పెద్ద ఐసీ యాంప్

టీడీఏ2030 రెండు వైపుల సప్లైతో 4 ఓమ్‌లకు పది పన్నెండు వాట్లు ఇస్తుంది, ఎల్‌ఎం3886 అయితే అరవై దాటుతుంది. స్నేహితులతో కలిసి వాయించాలంటే వీటి దగ్గరకే రావాలి. బోర్డు తయారుగానే దొరుకుతుంది, గిటార్‌కు సరిపడే ప్రీయాంప్ (సిగ్నల్‌ను ముందుగా పెంచే చిన్న సర్క్యూట్) మాత్రం మనం కట్టాలి.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. టీడీఏ2030 వెనక రేకు దాని మైనస్ కాలికి కలిసి ఉంటుంది, కరెంటు పోనివ్వని మైకా బిళ్ల పెట్టకుండా హీట్‌సింక్‌కు (వేడిని లాగే లోహపు రెక్కలు) బిగించి, ఆ హీట్‌సింక్ పెట్టెకు తగిలితే షార్టే. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ పెడితే డీసీ 17 వోల్టుల దగ్గరకు వస్తుంది, ఈ ఐసీ గరిష్ఠం 18. మన పల్లెల్లో కరెంటు రాత్రిపూట ఎంతకు పెరుగుతుందో తెలిసిందే. 9-0-9 తీసుకోండి, లేదా ఎక్కువ వోల్టేజి తట్టుకునే టీడీఏ2030ఏ వేయండి.

వాల్వ్ యాంప్

గిటార్ వాయించేవాళ్లందరి మనసూ చివరికి ఇక్కడికే లాగుతుంది. దానికి కారణం ఉంది. వాల్వ్ నెమ్మదిగా ఒత్తిడికి లోనై, గట్టిగా మీటితే గరుకుగా, మెల్లగా మీటితే శుభ్రంగా పలుకుతుంది, వేలి బలం స్పీకర్లో వినిపిస్తుంది.

మొదటిది కట్టేవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది ఫెండర్ ఛాంప్ 5ఎఫ్1. ఒక 12ఏఎక్స్7, ఒక 6వి6, రెక్టిఫయర్‌గా ఒక 5వై3, మూడే వాల్వులు, సుమారు 5 వాట్లు. భాగాలు తక్కువ, సర్క్యూట్ కాగితం మీద ఒక్క పేజీ. ఇలా ఒకరి సర్క్యూట్ చూసి కట్టడంలో తప్పేమీ లేదు, 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ కొట్టు నుంచి వచ్చిన జేటీఎం45 యాంప్ కూడా ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఏ యాంప్ సర్క్యూట్‌ను అనుసరించిందే.

కానీ సర్క్యూట్ చిన్నదైనంత మాత్రాన ప్రమాదం చిన్నది కాదు. లోపల 300 వోల్టులు దాటిన డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది. చాలామంది ఇంట్లో ఆర్‌సీసీబీ (లీకేజీ కనిపెట్టి కరెంటు ఆపే స్విచ్) ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యం ఇక్కడ పనికిరాదు. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైపు మీకు షాక్ తగిలితే ఆ కరెంటు ఇంటి ఎర్తులోకి వెళ్లే లీకేజీగా ఆర్‌సీసీబీకి కనపడదు, అది ట్రిప్ కాదు. కాబట్టి మొదటి ఫిల్టర్ కెపాసిటర్ మీద 220 కిలో ఓమ్‌ల, 2 వాట్ల బ్లీడర్ రెసిస్టర్ (నిలిచిన ఛార్జీని ఖాళీ చేసేది) శాశ్వతంగా అతికించండి, ఆపాక ఒక నిమిషం ఆగండి, ఆగినా మీటర్ పెట్టి వోల్టేజి పడిపోయిందని చూశాకే వేలు పెట్టండి. కరెంటు ఉన్నప్పుడు కొలవాల్సి వస్తే ఎడమ చెయ్యి జేబులో ఉండాలి. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, మెయిన్ స్విచ్ ఎక్కడుందో వాళ్లకు తెలియాలి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బల్బే గొప్ప రక్షణ. 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బును యాంప్‌తో సిరీస్‌లో పెట్టండి, ఎల్‌ఈడీ పనికిరాదు. ఒకసారి వెలిగి మెల్లగా మసకబారితే పర్వాలేదు, పూర్తి వెలుగుతో అలాగే ఉంటే ఎక్కడో షార్టు ఉంది, వెంటనే ఆపేయండి. స్పీకర్ తగిలించకుండా వాల్వ్ యాంప్ ఎప్పుడూ నడపొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి ఛాసిస్‌కు (భాగాలన్నీ బిగించే లోహపు పెట్టె) ఎర్తు కలపడం, ఆ ఎర్తు మీ ఇంట్లో నిజంగా పనిచేస్తోందని చూసుకోవడం, ఈ రెండూ లేకుండా మొదలే పెట్టకండి.

అమెరికా నుంచి తెప్పించే కిట్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులదా, 230 కూడా ఉందా, 50 హెర్ట్జ్‌కు సరిపోతుందా అన్నది ఆర్డర్ పెట్టే ముందే అడగండి. ఇక్కడే చుట్టించుకోవచ్చు కూడా, పాత రేడియోల కాలం నుంచి ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాళ్లు పెద్ద ఊళ్లలో ఉన్నారు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం కోర్‌లో గాలి ఖాళీ వదలాలని గట్టిగా చెప్పండి, ఒక్క పవర్ వాల్వే కాబట్టి డీసీ దాని గుండానే పోతుంది, ఖాళీ లేకపోతే కోర్ శాచురేట్ అయి శబ్దం పీలగా వస్తుంది.

ఇంకోటి, 5 వాట్లు అపార్టుమెంటుకు చాలా ఎక్కువ. వాల్వ్ అందంగా పలికే వాల్యూం దగ్గరకు వెళ్లేసరికి పక్కింటి వాళ్లు తలుపు కొడతారు.

ఇప్పటిదాకా సోల్డరింగ్ ఐరన్ పట్టని మనిషి ఒంటరిగా దీనితో మొదలుపెట్టడం కొరివితో తల గోక్కోవడమే. నేను పక్కన కూర్చుని కట్టిన ఆయన పాత రేడియోలు బాగుచేసేవారు. రెండు నెలల్లో ఒక్కసారి కూడా మీటర్ పెట్టకుండా ఛాసిస్‌లో చెయ్యి పెట్టలేదు, ప్లగ్గు తన జేబులో పెట్టుకుని పనిచేసేవారు.

అకౌస్టిక్ గిటార్

పైపలక మందం 3 మి.మీ. లోపు. దానిమీద మామూలు 12 గేజ్ స్టీల్ తీగల సెట్ లాగే బలం 70 కిలోలకు పైనే. ఆ పలక విరగకూడదు, కానీ మోగాలి, మందంగా చేస్తే మూగబోతుంది. లోపల అడ్డకర్రలు ఎక్స్ ఆకారంలో పెట్టే పద్ధతి అమెరికా గిటార్ తయారీదారు సి.ఎఫ్. మార్టిన్ 1840ల్లోనే వాడాడు, ఇప్పటికీ ఎక్కువ స్టీల్ తీగల గిటార్లలో అదే. పక్కపలకలను వేడి గొట్టం మీద వంచాలి, దీనికి ఎక్కువగా వాడే రోజ్‌వుడ్ మన జిట్రేగే, బయటి దేశాల గిటార్లకు కూడా ఇక్కడి నుంచి వెళ్తుంది.

ఇక్కడ అసలు శత్రువు తేమ. 45 నుంచి 55 శాతం మధ్య ఉన్న గదిలో అతికించాలి. గాలి తడిగా ఉన్న నెలలో అతికించిన పలక ఎండాకాలం రాగానే ముడుచుకుంటుంది, అంచులు జిగురుతో పట్టి ఉంటాయి కాబట్టి మధ్యలో పగులుతుంది. నాది సగంలో ఆగింది ఇందుకే, జూలైలో అడ్డకర్రలు అతికించిన పలక మార్చిలో చూసేసరికి సన్నగా చీలింది. దాన్ని విప్పి మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి వంద రూపాయల తేమ మీటర్ గోడకు తగిలించి, అది 50 దగ్గర ఉన్న రోజుల్లోనే జిగురు పట్టుకుంటున్నాను. నాకు ఈ ఏడింటిలో బాగా ఇష్టమైనది ఇదే, అయినా మొదటి ప్రాజెక్టుగా ఎవరికీ చెప్పను.

మీ సంగతిని బట్టి

అద్దె అపార్టుమెంటులో ఉంటే బుల్లి యాంప్, ఆ తర్వాత కిట్. కిట్‌కు డ్రిల్లు మోత గంటసేపే, మిగతాదంతా స్క్రూడ్రైవరు, ఉప్పుకాగితం.

ఈసీఈ చదువుతూ హాస్టల్లో ఉంటే బుల్లి యాంప్ కట్టి, బఫర్ కలిపి, తర్వాత ఐసీ పవర్ యాంప్ వైపు వెళ్లండి. కరెంటు వైపు వైరింగు మాత్రం ల్యాబ్‌లో ఎవరికైనా చూపించాకే ప్లగ్గు పెట్టండి.

ఇంట్లో వడ్రంగం తెలిసినవాళ్లు ఉండి, మీకు ఎలక్ట్రానిక్స్ అంటే భయమైతే, కొన్న నెక్‌తో టేకు బాడీ చేయండి. వైరింగులో ఉండేది రెండు పికప్పులు, ఒక స్విచ్, రెండు పొటెన్షియోమీటర్లు (వాల్యూం, టోన్ నాబ్‌లు), ఒక కెపాసిటరే, అందులో షాక్ కొట్టేది ఏదీ లేదు.

చిన్న పిల్లలు తిరిగే ఇల్లయితే వాల్వ్ యాంప్ వాళ్లు పెద్దయ్యేదాకా ఆపండి. మూత తీసిన ఛాసిస్ బల్ల మీద వదిలి ఫోన్ ఎత్తడానికి వెళ్లే ఆ ఒక్క నిమిషం గురించే నా టెన్షన్.

అమెరికాలో గ్యారేజీ ఉన్న మనవాళ్లకు చెక్కపని చాలా సులువు, చోటు ఉంది, పనిముట్లు అద్దెకు దొరుకుతాయి, కిట్లు అక్కడే దొరుకుతాయి. తిరిగి వచ్చేసే ఆలోచన ఉంటే మాత్రం యాంప్‌కు 120, 230 రెండూ ఉన్న ట్రాన్స్‌ఫార్మరే కొనండి. అక్కడ చలికాలంలో హీటర్ వేసిన ఇంట్లో గాలి బాగా పొడిబారుతుంది, ఆ గదిలో చేసిన గిటార్‌ను రాజమండ్రికి తెస్తే వారంలోనే పైపలక ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి.

ఇవేవీ కాకుండా మామూలుగా, మొదటిసారి, ఒంటరిగా చేసేవాళ్లయితే నేను చెప్పే వరస ఇది: ఈ వారాంతం ఎల్‌ఎం386, దాన్ని బిస్కెట్ డబ్బాలో అమర్చాక టెలికాస్టర్ తరహా కిట్ ఆర్డర్. అక్టోబరులో తెప్పిస్తే ఫ్రెట్లు, బెజ్జాలు, దారం పరీక్ష అన్నీ అయ్యేసరికి డిసెంబరు వస్తుంది, వానలు తగ్గి, గాలి పొడిగా ఉండి, సంక్రాంతి లోపు పాలిష్ మూడు నాలుగు పూతలు ఆరుతుంది.